చంటిబిడ్డ నిద్ర: పక్క ఎలా వేయాలి, రాత్రి ఎలా గడపాలి

(గర్భిణులు, బాలింతలు, వారి ఇంటివాళ్ల కోసం జరిగిన ఒక అవగాహన సభలో పిల్లల డాక్టరు ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా అక్షరరూపంలో పెట్టాం.)

అందరికీ నమస్కారం. కడుపుతో ఉన్నవాళ్లు కుర్చీల్లో కూర్చోండమ్మా, కింద వద్దు. మగవాళ్లు కూడా కొందరు కనిపిస్తున్నారు, సంతోషం. అలా గోడకి ఆనుకుని నిలబడకుండా ముందుకు రండి బాబూ, ఇవాళ మీకే ఎక్కువ పని చెప్పబోతున్నాను. (నవ్వులు)

నెలలోపు బిడ్డని నా దగ్గరికి తెచ్చేవాళ్లు బరువు చూపించుకుంటారు, టీకాల కార్డు చూపిస్తారు, విరేచనం రంగు చెబుతారు. అన్నీ అయిపోయి లేవబోతూ ఒక మాట అడుగుతారు. "డాక్టరమ్మా, రాత్రంతా పడుకోవాలంటే ఏం చేయాలి?" అడిగేది ఎక్కువగా అమ్మమ్మే. కూతురు పక్కన కళ్లు పీక్కుపోయి కూర్చుని ఉంటుంది, అడిగే ఓపిక కూడా ఉండదు. నేను చెప్పే జవాబు వాళ్లకి రుచించదు. మూడు నెలల లోపు బిడ్డ రాత్రంతా పడుకోకూడదమ్మా. లేవాలి. ఆ లేవడమే బిడ్డకి రక్ష. దాన్ని ఆపాలని మనం చేసే పనుల్లోనే ప్రమాదం ఎక్కువ ఉంది. ఇవాళ నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

పుట్టిన బిడ్డ రోజుకి 14 నుంచి 17 గంటలు పడుకుంటుంది. వినడానికి చాలా ఎక్కువ. ఆ గంటలన్నీ ముక్కలు ముక్కలుగా ఉంటాయి, అదీ తిప్పలు. రెండు గంటలు పడుకుంటుంది, లేచి పాలు తాగుతుంది, మళ్లీ పడుకుంటుంది. పొట్ట చిన్నది, తల్లిపాలు తొందరగా అరుగుతాయి, కాబట్టి రెండు మూడు గంటలకి ఆకలి వేయాల్సిందే. రాత్రీ పగలూ తేడా ఆ బిడ్డకి ఇంకా తెలియదు. కడుపులో ఉన్నన్నాళ్లు తల్లి ఒంట్లో రాత్రిపూట పుట్టే మెలటోనిన్ అనే హార్మోన్ బిడ్డకీ అందుతుంది. బొడ్డుతాడు కోశాక అది అందదు. బిడ్డ ఒంట్లో సొంతంగా ఆ ఏర్పాటు కుదరడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మూడో నెలలో "ఇప్పుడు కాస్త దారిలో పడిందండీ" అంటారు చూశారా, కారణం అదే. ఎవరి చేతి మందూ పనిచేసి కాదు.

ఇంకో సంగతి. పసిబిడ్డ నిద్రలో దాదాపు సగం కదులుతూ పడుకునే నిద్ర. రెప్పల కింద గుడ్లు తిరుగుతుంటాయి, మూతి ముడుస్తుంది, నవ్వుతుంది, మూలుగుతుంది, ఎర్రగా కందిపోయేలా ఒళ్లు విరుచుకుంటుంది. నవ్వితే దేవుడు ఆడిస్తున్నాడని మురిసిపోతాం. మూలిగితే మాత్రం ఎత్తేసుకుంటాం. రెండూ నిద్రేనమ్మా! మూలగ్గానే ఎత్తితే పడుకున్న బిడ్డని మనం లేపినట్టు. ఒక్క నిమిషం ఆగి చూడండి. నిజంగా లేస్తే గుప్పిట నోటి దగ్గరికి తెచ్చుకుంటుంది, తల అటూ ఇటూ తిప్పుతూ రొమ్ము వెతుక్కుంటుంది. అప్పుడు ఎత్తండి. ఊపిరి కూడా మనలా ఒకే తీరుగా ఉండదు. గబగబా కాసేపు పీల్చి, ఐదారు సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడుతుంది. పది సెకన్ల లోపు అలా ఆగడం మామూలే. 20 సెకన్లు దాటినా, పెదాలు నీలంగా మారినా, ఒళ్లు వేలాడిపోయినా 108కి ఫోన్ చేయండి. పొద్దున చూద్దాంలే అనుకునే విషయం కాదది.

ఇక అసలు మాట. ఏ జబ్బూ లేని బిడ్డ, రాత్రి బాగానే పాలు తాగి పడుకున్న బిడ్డ, తెల్లారి చూస్తే ప్రాణం లేకుండా ఉండటం అనేది ఉంది. డాక్టర్లు సిడ్స్ అంటారు. అరుదే. కడుపుతో ఉన్నవాళ్ల ముందు ఈ మాటలేంటని వెనకాల పెద్దావిడ ఒకరు నావైపు కోపంగా చూస్తున్నారు, నాకు తెలుస్తోంది. కానీ దీన్ని చాలావరకు తప్పించే ఉపాయం పైసా ఖర్చు లేనిది కాబట్టి చెప్పకుండా ఉండలేను. ఇలాంటివి ఎక్కువగా ఒకటి నుంచి నాలుగు నెలల మధ్య జరుగుతాయి. ఆరు నెలలు దాటాక బాగా తగ్గిపోతాయి. ముక్కు, మూతి మెత్తటి గుడ్డలో కూరుకుపోయినప్పుడు బిడ్డ తను వదిలిన గాలినే తిరిగి పీలుస్తుంది. అలాంటప్పుడు మెదడు బిడ్డని లేపాలి. తల తిప్పాలి, ఏడవాలి, ఇంట్లో అందర్నీ లేపాలి. కొందరు బిడ్డల్లో ఆ లేపే శక్తి ఇంకా సరిగ్గా కుదురుకుని ఉండదు. బోర్లా పడుకుంటే నిద్ర ఇంకా గాఢంగా పడుతుంది, లేవడం ఇంకా కష్టమవుతుంది. "బోర్లా వేస్తే హాయిగా మూడు గంటలు పడుకుంటోందండీ" అని నాతో ఎంతమంది సంతోషంగా చెబుతారో! నాకు గుండె గుభేలుమంటుంది.

ఇదంతా ఎలా తెలిసిందో క్లుప్తంగా చెబుతాను. పాశ్చాత్య దేశాల్లో ఒకప్పుడు డాక్టర్లే బిడ్డల్ని బోర్లా పడుకోబెట్టమన్నారు. పాలు కక్కితే గొంతుకి అడ్డం పడకుండా ఉంటుందని వాళ్ల ఆలోచన. దశాబ్దాల పాటు అదే నడిచింది. 1985లో హాంకాంగ్‌లో పనిచేస్తున్న డేవిస్ అనే డాక్టరు లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఇక్కడ ఇళ్లు ఇరుకు, మనుషులు కిక్కిరిసి ఉంటారు, అయినా ఇలాంటి మరణాలు ఇంత తక్కువేంటి అని ఆయన ప్రశ్న. అక్కడి తల్లులు అనాదిగా బిడ్డల్ని వెల్లకిలా పడుకోబెడతారు. పైగా బిడ్డని ఒంటరిగా వదిలేది తక్కువ. ఆ తర్వాత న్యూజిలాండ్‌లో, ఇంకా కొన్ని దేశాల్లో లెక్కలు తీస్తే అదే తేలింది. 1991లో న్యూజిలాండ్, బ్రిటన్, 1994లో అమెరికా వెల్లకిలా పడుకోబెట్టండని ఊరూరా ప్రచారం చేశాయి. పదేళ్లు తిరిగేసరికి అమెరికాలో ఆ మరణాలు సగానికి పడిపోయాయి. మందు లేదు, టీకా లేదు. పక్క మీద బిడ్డని తిప్పి వేశారు, అంతే.

మన అమ్మమ్మలు ఉయ్యాల్లో వెల్లకిలానే వేసేవాళ్లు. మరి మన ఇళ్లలోకి ఈ బోర్లా పడక ఎక్కడి నుంచి వచ్చింది? చాలావరకు మా ఆసుపత్రుల నుంచే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్ని ఐసీయూలో పెట్టినప్పుడు ఊపిరి సులువుగా ఆడాలని కొన్నాళ్లు బోర్లా వేస్తాం. అద్దంలోంచి చూసిన నాన్న, నాయనమ్మ అదే పద్ధతి అనుకుని ఇంటికెళ్లాక అలాగే వేస్తారు. అక్కడ బిడ్డ ఒంటికి తీగలుంటాయి, మానిటర్ ఉంటుంది, ఊపిరి ఆగితే గంట మోగుతుంది, నర్సు పరిగెత్తుకొస్తుంది. ఇంట్లో అవేవీ ఉండవు. అందుకే ఐసీయూ బిడ్డల్ని ఇంటికి పంపేముందు వెల్లకిలా పడుకోవడం మేమే అలవాటు చేసి పంపాలి. చేయకపోతే అడగండి, మొహమాటపడకండి.

"వెల్లకిలా వేస్తే పాలు పొలమారవూ?" ఇది ప్రతి సభలోనూ వచ్చే ప్రశ్నే, అందుకే ఈ బొమ్మ తెచ్చాను. (బొమ్మని బల్ల మీద పడుకోబెట్టి) గొంతులో రెండు గొట్టాలుంటాయి. గాలిగొట్టం ముందు వైపు, ఆహారం వెళ్లేది వెనక వైపు. ఇప్పుడు పాప వెల్లకిలా ఉంది. గాలిగొట్టం పైన ఉంది, ఆహారనాళం కింద ఉంది. పొట్టలోంచి పాలు పైకొచ్చినా కింద ఉన్న గొట్టంలోనే ఉండి వెనక్కి జారతాయి. పైకెక్కి గాలిగొట్టంలో పడటం కష్టం. ఇప్పుడు చూడండి, బోర్లా తిప్పాను. గాలిగొట్టం కిందికొచ్చింది. కక్కిన పాలు ఎటు పోతాయి? అదీ సంగతి. పాలు పట్టాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా నిమరండి. పది నిమిషాలు చూసినా రాకపోతే ఫరవాలేదు, వెల్లకిలా పడుకోబెట్టేయండి. పక్కకి ఒత్తిగిల్లి వేస్తాం అంటారు కొందరు. వీపు వెనక దుప్పటి మడత పెట్టి ఆపుతారు. ఆ మడత జారితే బిడ్డ బోర్లా పడుతుంది. వద్దు.

తల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే అమ్మమ్మలు నన్ను వదలరు. వెల్లకిలా పడుకుంటే తల వెనక చదునైపోతుందని బెంగ. కొంచెం అవుతుంది, నిజమే. చాలామందికి కూర్చోవడం మొదలయ్యాక సర్దుకుంటుంది. దానికోసం ఆవాల దిండు కుట్టించక్కర్లేదు. అసలు ఏడాదిలోపు బిడ్డకి ఏ దిండూ వద్దు. ఇవాళ కుడివైపు తల తిప్పి పడుకోబెడితే రేపు ఎడమవైపు తిప్పండి. పగటిపూట మెలకువగా ఉన్నప్పుడు, మీరు ఎదురుగా కూర్చుని, కాసేపు బోర్లా వేసి ఆడించండి. మెడ గట్టిపడుతుంది, తలకీ ఒత్తిడి తగ్గుతుంది. మేలుకుని ఉన్నప్పుడు బోర్లా, నిద్రకి వెల్లకిలా.

ఇప్పుడు పక్క చూద్దాం. (నిర్వాహకులు చిన్న దోమతెర పరుపు తెచ్చి పెట్టారు) ఇది మీ అందరి ఇళ్లలో ఉండేదే. గొడుగులా విప్పితే తెర నిలబడుతుంది, జిప్పు వేసుకోవచ్చు. దోమలకి మంచి ఏర్పాటు, నేను కాదనను. లోపల ఏముందో చూద్దాం. ఇదిగో, ఏనుగు బొమ్మలున్న దిండు, తీసేశాను. ఇటూ అటూ రెండు గుండ్రటి దిండ్లు, బిడ్డ దొర్లకుండా అట, తీసేశాను. మెత్తటి దుప్పటి, తీసేశాను. ఎవరో కానుకిచ్చిన ఎలుగుబంటి... అది పెద్దమ్మాయికి ఇచ్చేయండి. (నవ్వులు) ఇప్పుడు అరచేత్తో ఈ పరుపుని గట్టిగా నొక్కి తీస్తున్నాను. చెయ్యి గుంట అలాగే ఉండిపోయింది చూశారా? ఇది మరీ మెత్తన. ఇలాంటిదైతే పరుపు తీసేసి, పాత నూలు చీర నాలుగు మడతలు వేసి, ముడతల్లేకుండా గట్టిగా పరవండి. దాని కింద చాప, చాప కింద నేల. ఇంతకంటే మంచి పక్క ఏ షాపులోనూ దొరకదు. పాపాయి మొహం చుట్టూ జానెడు మేర ఏ గుడ్డా ఉండకూడదు. బోసిగా కనిపిస్తుంది, చూసినవాళ్లు "ఇంత పీనాసితనమా" అంటారు. అననివ్వండి.

నేల మీద పడుకోబెడితే చీమలుంటాయి, పల్లెల్లో తేళ్లు, పురుగూపుట్రా భయం ఉంటుంది. కాబట్టి దోమతెర అంచులు చాప కిందికి దోపండి. పాలు కారిన గుడ్డలు పక్కన పెట్టొద్దు, చీమలు వాటికే వస్తాయి. మంచమే కావాలంటే చెక్క మంచం వాడండి. నులక మంచం, నవారు మంచం వద్దు. వాటి మధ్యలో గుంట పడుతుంది. తల్లి బరువుకి నులక కిందికి జారి, బిడ్డ దొర్లుకుంటూ ఆమె పక్కటెముకల కిందికి వచ్చేస్తుంది. పగలు చూస్తే మంచం ఖాళీగా ఉంటుంది కాబట్టి తెలియదు. రాత్రి ఇద్దరూ పడుకున్నాక చూడండి తెలుస్తుంది.

తల్లి పక్కలో పడుకోబెట్టుకోవచ్చా అన్నదానికి అమెరికా డాక్టర్ల సంఘం వద్దే వద్దంటుంది. ఒకే గదిలో, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో, వేరే పక్క మీద, కనీసం ఆరు నెలలు. నా మాటా అదే. కానీ మన ఇళ్లలో తల్లీబిడ్డా ఒకే పక్క మీద పడుకోవడం తరతరాల అలవాటు. సిజేరియన్ అయినామె రాత్రికి నాలుగుసార్లు లేచి కూర్చుని పాలివ్వడం ఎంత నరకమో నాకు తెలుసు. నేను వద్దన్నంత మాత్రాన మీరు మానేస్తారని అనుకోను. కాబట్టి ఎక్కడ అస్సలు కూడదో చెబుతాను, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. సోఫాలో, ఈజీ చైర్లో బిడ్డని గుండె మీద వేసుకుని నిద్రపోవద్దు, అన్నిటికంటే ప్రమాదం అదే. సిగరెట్, బీడీ, చుట్ట తాగేవాళ్లు ఉన్న పక్కలో వద్దు. మందు తాగిన మనిషి పక్కన వద్దు, ఆయన ఎంత బంగారం లాంటివాడైనా సరే. నిద్రమాత్రలు, మత్తునిచ్చే మందులు వేసుకున్నవాళ్ల పక్కన వద్దు. నెలలు నిండకుండా పుట్టినా, రెండున్నర కిలోల కంటే తక్కువ బరువున్నా ఒకే పక్క వద్దు. పెద్దపిల్లాణ్ణి బిడ్డ పక్కన పడుకోబెట్టొద్దు, వాడు నిద్రలో కాలు విసురుతాడు. పాలిస్తూ కునుకు పట్టేలా ఉంటే సోఫాలోంచి లేచి, దిండ్లు తీసేసిన గట్టి పక్క మీదికి రండి. అక్కడ కునుకు పట్టడం సోఫా మీద పట్టడం కంటే నయం. మెలకువ రాగానే బిడ్డని తన పక్క మీదికి మార్చండి. ఫోన్ చూస్తుంటే నిద్ర రాదని కొంతమంది అంటారు. వస్తుంది. వచ్చాక ఆ ఫోన్ జారి బిడ్డ మొహం మీదే పడుతుంది.

ఉయ్యాల విషయంలో నాకు పేచీ పెట్టుకోవాలని లేదు. బారసాలలో బిడ్డని ఉయ్యాల్లో వేయందే మనకి తృప్తి ఉండదు. చెక్క ఉయ్యాల, అడుగు చదునుగా, పక్క గట్టిగా ఉంటే దిగులు లేదు. చీర ఉయ్యాలతోనే జాగ్రత్త. చీర గుంటలా సాగి బిడ్డ వీపు విల్లులా వంగుతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది. పసిబిడ్డ గొంతు అలా ముడుచుకుంటే గాలి సరిగ్గా ఆడదు, ఏడవడం కూడా కుదరదు. కాబట్టి పైన అడ్డ కర్ర పెట్టి గుడ్డ అంచులు విడిగా ఉండేలా కట్టండి. మనిషి పక్కన కూర్చుని ఊపుతున్నంతసేపే వాడండి. నిద్రపట్టగానే తీసి చాప మీద వేయండి. రాత్రిళ్లు అందులో వదిలేయొద్దు. ఇంట్లో నాలుగైదేళ్ల పిల్లలుంటే వాడనప్పుడు చీరని పైకి ముడివేసేయండి. ఆడుకుంటూ మెలితిప్పి మెడకి చుట్టుకున్న పిల్లలున్నారు. బిడ్డ మెడలో తాడుకి తాయెత్తు ఉంటే నిద్రప్పుడు తీసేయండి. మొలతాడు ఉండనివ్వండి, అది మెడ దాకా రాదు.

మీలో ఒకరిద్దరు కూతురి కాన్పుకి అమెరికా వెళ్తున్నారని విన్నాను. అక్కడ కూతురూ అల్లుడూ బిడ్డని ఉత్త పరుపు మీద, దుప్పటి కూడా లేకుండా పడుకోబెడతారు. మీకు కడుపు తరుక్కుపోతుంది. రాత్రి లేచి మెల్లగా శాలువా కప్పి వస్తారు, తెల్లారి కూతురు తగవు పెట్టుకుంటుంది. కూతురే రైటండీ. అక్కడ 2022లో చట్టమే తెచ్చారు, తొట్టి చుట్టూ కట్టే మెత్తలు, బిడ్డ నిద్రకని చేసే ఏటవాలు పడకలు అమ్మకూడదని. మీరు జోలపాట పాడండి, దానికి అక్కడ ఎవరూ అడ్డు చెప్పరు. ఇంకో సాయం కూడా చేయొచ్చు, దాని గురించి తర్వాత చెబుతాను.

ఎండాకాలం పుట్టే బిడ్డల గురించి. రెంటచింతల, రామగుండం వైపు మే నెలలో ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బాలింతకి చలిగాలి తగలకూడదని తలుపులు, కిటికీలు బిగించి, బిడ్డకి టోపీ, మేజోళ్లు, చేతి తొడుగులు, పైన ఉన్ని దుప్పటి వేస్తారు. వేడెక్కడం కూడా సిడ్స్‌కి ఒక కారణం. మీ ఒంటి మీద ఎన్ని బట్టలుంటే బిడ్డకి అంతకంటే ఒక్క పొర ఎక్కువ చాలు. చేతులు, కాళ్లు చల్లగా ఉన్నాయని చూడొద్దు, పసిబిడ్డలకి అవి చల్లగానే ఉంటాయి. మెడ వెనక, గుండె మీద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చెమట పడుతుంటే ఒక పొర తీసేయండి. ఫ్యాన్ వేయొచ్చు. ఏసీ కూడా వేయొచ్చు, 25, 26 దగ్గర పెట్టి, గాలి సూటిగా బిడ్డ మీద కొట్టకుండా చూసుకోండి. నెలలు నిండి పుట్టిన బిడ్డకి ఇంట్లో నిద్రపోయేటప్పుడు టోపీ అక్కర్లేదు. పొత్తిళ్లలో చుట్టొచ్చు. ఛాతీ దగ్గర రెండు వేళ్లు దూరాలి, కాళ్లు కప్పకాళ్లలా ముడుచుకునే చోటుండాలి. కాళ్లు నిటారుగా లాగి బిగిస్తే తుంటి కీలు పక్కకి జరుగుతుంది. అన్నిటికంటే నాకు భయం వేసేది బండి మీద ప్రయాణం. దుమ్ము పడుతుందని బిడ్డ మొహం మీదుగా శాలువా కప్పి, రొమ్ముకి అదుముకుని ఇరవై కిలోమీటర్లు వస్తారు. అంతసేపూ నిద్రపోయింది, బుద్ధిమంతురాలు అంటారు. మొహం తెరిచి చూడండమ్మా, దారిలో ఆపి చూడండి.

రాత్రి కాస్త ఎక్కువసేపు పడుకునేలా ఏమీ చేయలేమా అంటే, చేయగలిగింది కొంత ఉంది. మొదటిది, పగటిని పగల్లా ఉంచడం. బాలింత గది చీకటిగా ఉంటే బిడ్డకి పగలెలా తెలుస్తుంది? పొద్దున్నే కిటికీలు తెరవండి, వెలుతురు రానివ్వండి. పగలు పడుకున్నా ఇల్లంతా గుసగుసలాడక్కర్లేదు, కుక్కర్ కూతలు, టీవీ మామూలుగానే సాగనివ్వండి. రాత్రి మాత్రం చిన్న దీపం చాలు. పాలివ్వండి, అవసరమైతేనే డైపర్ మార్చండి, ముద్దుమాటలు పొద్దున చెప్పుకోవచ్చు. రెండోది స్నానం. పొద్దున పదింటికి నూనె మర్దనా చేసి నీళ్లు పోస్తే ఆ బిడ్డ మధ్యాహ్నం దాకా గుర్రుపెట్టి పడుకుంటుంది. ఉన్న మంచి నిద్రంతా పగలే అయిపోతుంది. నీళ్లు పోసే ముసలమ్మ వచ్చే వేళకి మనం తలవంచుతున్నాం. వీలైతే సాయంత్రానికి మార్చుకోండి. ముక్కులో నూనె చుక్కలు మాత్రం వేయనివ్వొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సాంబ్రాణి పొగ వేరే గదిలో వేసుకోండి, దోమల చుట్టలూ అంతే. దిష్టి తీస్తారా, తీయండి, నాకేం అభ్యంతరం లేదు. ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసేది మాత్రం వీధిలో.

ఇప్పుడు మగవాళ్లకి. ఆ మాటకొస్తే అమెరికా వెళ్లే అమ్మమ్మలకీ ఇదే. రాత్రి తొమ్మిదింటికి పాలిచ్చేసి తల్లి పడుకోవాలి. అక్కడి నుంచి ఒంటిగంట దాకా బిడ్డ డ్యూటీ మీది. మూలిగితే చూడటం, డైపర్ మార్చడం, ఆకలికి లేస్తే తల్లి దగ్గరికి అందించడం, తాగాక త్రేన్పు తీయించి పక్క మీద వేయడం. పాలివ్వడం ఒక్కటే ఆమె పని. ఆ నాలుగు గంటల్లో ఆమెకి దొరికే నిద్రే తర్వాత సోఫాలో కునుకు పట్టకుండా కాపాడుతుంది. సందెవేళ గుక్కపట్టి ఏడ్చే బిడ్డలుంటారు. ఆరో వారంలో ఆ ఏడుపు బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకి తగ్గిపోతుంది. ఎత్తుకుని, ఎత్తుకుని మీకే కోపం ముంచుకొస్తే బిడ్డని వెల్లకిలా పక్క మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసి, ఐదు నిమిషాలు బయటికెళ్లి మంచినీళ్లు తాగి రండి. ఏడిస్తే ఏమీ కాదు. పట్టుకుని గట్టిగా ఊపితే మాత్రం మెదడులో రక్తస్రావం అవుతుంది.

ఇంకోటి. బిడ్డ పడుకున్నా తల్లికి నిద్రపట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, బిడ్డ మీద ఏ ఇష్టమూ లేనట్టు ఉండటం రెండు వారాలు దాటితే, దాన్ని బాలింతల అలసట అని వదిలేయొద్దు. డాక్టరుకి చెప్పండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

నిద్ర కోసం మందులు అడిగేవాళ్లకి ఒకటే జవాబు, లేవు. ఒకప్పుడు పొలం పనికి పోతూ నల్లమందు నాకించి పోయేవాళ్లు. ఇప్పుడు ఆ పని జలుబు సిరప్ చేస్తోంది, పడుకుంటుంది కదా అని అర చెంచా పోస్తున్నారు. అలాంటి జలుబు మందుల్లో బాగా వాడే ఒక మిశ్రమాన్ని నాలుగేళ్లలోపు పిల్లలకి వాడొద్దని 2023 డిసెంబర్‌లో కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులే చెప్పారు. నెల బిడ్డ సంగతి వేరే చెప్పాలా? తేనె కూడా ఏడాది దాకా వద్దు, నాలిక్కి రాసినా సరే.

ఇంతసేపూ లేచే బిడ్డ గురించి చెప్పాను. నాకు నిజంగా దిగులు పుట్టించేది లేవని బిడ్డ. "మా పాప బంగారం, లేపందే లేవదు, పాలకి కూడా ఏడవదు" అని ఐదో రోజో, ఆరో రోజో చెబితే నేను వెంటనే బట్టలు విప్పి పచ్చదనం చూస్తాను. కామెర్లు ఎక్కువైతే బిడ్డ మత్తుగా పడి ఉంటుంది. చక్కెర తగ్గినా, రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చినా అంతే. పుట్టినప్పటి బరువు మళ్లీ వచ్చేదాకా, అంటే సుమారు రెండు వారాలు, పగలైనా రాత్రైనా మూడు గంటలు దాటితే మీరే లేపి పాలివ్వండి. అరికాలు గీకండి, బట్టలు వదులు చేయండి, తడిగుడ్డతో మొహం తుడవండి. అయినా రొమ్ము పట్టకపోతే, ఆరో రోజుకి రోజుకి ఆరుసార్లు కూడా మూత్రం పోయకపోతే, నిమిషానికి 60 సార్లు దాటి ఊపిరి తీస్తుంటే ఆసుపత్రికి రండి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తుంది. వచ్చినప్పుడు బిడ్డనే కాదు, బిడ్డ పక్క కూడా చూపించండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒక నాయనమ్మ: మా మనవడికి మూడో నెల. బిడ్డ ఊపిరి చూసే సాక్సుల్లాంటివి వచ్చాయట, మావాడు కొంటానంటున్నాడు, కొనమంటారా?)

నేను కొనమనను పెద్దమ్మా. అవి సిడ్స్‌ని ఆపుతాయని రుజువు లేదు. రాత్రిళ్లు ఊరికే మోగి మీకు టెన్షన్ పెడతాయి. ఆ డబ్బుతో ఒక నెల ఇంటిపనికి మనిషిని పెట్టుకోమనండి, మీ కోడలు పగలు రెండు గంటలు పడుకుంటుంది.

(ఒక తండ్రి: రాత్రి తనంతట తాను బోర్లా పడితే మళ్లీ తిప్పాలా మేడమ్?)

మంచి ప్రశ్న. మొదట్లో బోర్లా పడటం వస్తుంది, తిరిగి వెల్లకిలా రావడం రాదు. అప్పుడు కనిపిస్తే తిప్పండి, రాత్రంతా కాపలా కాయక్కర్లేదు. రెండువైపులా తిరగడం వచ్చాక పడుకునేటప్పుడు వెల్లకిలా వేస్తే చాలు, తర్వాత తన ఇష్టం. పక్క మీద దిండు, దుప్పటి లేకుండా చూసుకోండి. మూడో నెల, నాలుగో నెలలో ఒక భుజం లేపి తిరగబోతున్నట్టు కనిపించిందంటే ఆ రోజు నుంచే పొత్తిళ్లు మానేయాలి. చేతులు బిగించి ఉండగా బోర్లా పడితే తల ఎత్తలేదు. బోర్లా పడిందని బొబ్బట్లు చేసి వీధంతా పంచుకోండి, నాక్కూడా పంపండి. పొత్తిగుడ్డలు మాత్రం బొబ్బట్లకంటే ముందే బీరువాలో పెట్టేయండి.